వెన్ను చూపిన గుర్రాలు

చిత్రకళలో గుర్రం అనగానే మన దేశంలో ఎవరికైనా హుసేన్ గుర్తొస్తాడు. ఎగసిన మెడ, విప్పారిన ముక్కుపుటాలు, నేలకు ఆనీ ఆనని గిట్టలు. ఆ గుర్రానికి రౌతు అక్కర్లేదు, అదే ఒక శక్తి. ఐరోపాలో కూడా కొన్ని వందల ఏళ్లపాటు గుర్రాన్ని ఇంచుమించు ఇలాగే చూశారు. కాకపోతే అక్కడ దాని వీపు మీద ఒక రాజో సేనాపతో ఉంటాడు. గుర్రం ముందుకాళ్లు ఎంత ఎత్తితే రాజు అంత పెద్దవాడవుతాడు. 1800లో నెపోలియన్ ఆల్ప్స్ కొండలు దాటింది కంచరగాడిద మీద. జాక్ లూయీ దావీద్ వేసిన పటంలో మాత్రం ముందుకాళ్లెత్తిన గుర్రం మీద ఉంటాడు. గుర్రం బొమ్మలోకి అబద్ధం ఏ దారిన వస్తుందో తెలుసుకోవడానికి ఈ ఒక్క పటం చాలు.

ఆ దారి మూసేసిన చిత్రకారుడు ఇటలీకి చెందిన జొవాన్ని ఫత్తోరి. యాభై ఏళ్లకు పైగా గుర్రాలు వేశాడు. సిపాయిల గుర్రాలు, బండి గుర్రాలు, పశువుల కాపరుల గుర్రాలు, చచ్చిన గుర్రాలు. అవి చాలావరకు నిలబడి ఉంటాయి. తల వాల్చుకుని ఉంటాయి. చాలా బొమ్మల్లో మనకు కనపడేది వాటి వెనకభాగమే, వాటి మీద కూర్చున్న మనిషి వీపే. తెలుగులో వెన్ను చూపడమంటే పిరికితనం. ఫత్తోరి బొమ్మల్లో ఆ మాటకు మరో అర్థం ఉందని నా అభిప్రాయం. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

ఆయన 1825లో టస్కనీ తీరంలోని లివోర్నో అనే రేవు పట్టణంలో పుట్టాడు. అక్కడ బల్దీని అనే గురువు దగ్గర ఓనమాలు దిద్దుకుని, 1846లో ఫ్లోరెన్స్ వెళ్లి అకాడమీలో బెత్సువోలి దగ్గర చదువుకున్నాడు. బెత్సువోలి చరిత్ర ఘట్టాలను పెద్ద పెద్ద కాన్వాసుల మీద వేసే పాతకాలపు పంతులు. 1848లో ఇటలీ రాజ్యాల్లో తిరుగుబాట్లు రేగినప్పుడు ఫత్తోరి విప్లవకారుల కరపత్రాలు చేరవేశాడు, తుపాకీ మాత్రం పట్టలేదు. ఆయన మిత్రులు పట్టారు. అబ్బాతి 1860లో కాపువా దగ్గర పోరులో ఒక కన్ను పోగొట్టుకున్నాడు. సెర్నేసి 1866 యుద్ధంలో గాయపడి, ఆస్ట్రియన్లకు బందీగా చిక్కి అక్కడే చనిపోయాడు. జీవితమంతా సైనికులను చిత్రించినవాడు మాత్రం యుద్ధానికి వెళ్లలేదు. ఆయన చూసింది గుడారాల దగ్గరి సిపాయిని, రోడ్డు మీద సాగే సిపాయిని, ఎవరికోసమో ఎదురుచూస్తూ నిలబడ్డ సిపాయిని. దీన్ని ఒక లోపంగా ఎంచినవాళ్లు ఉండవచ్చు. నాకైతే ఆయన బలమంతా ఇక్కడే మొదలయిందనిపిస్తుంది. యుద్ధంలో పోరాడే గంటలు తక్కువ, నిలబడే రోజులు ఎక్కువ. ఆ రోజుల్ని వేసినవాడు అంతకుముందు అరుదు.

ఫ్లోరెన్స్‌లో కఫే మికెలాంజొలో అనే కాఫీ హోటల్లో యువ చిత్రకారులు చేరి వాదించుకునేవారు. అకాడమీ నేర్పిన శుభ్రమైన గీత మీద వాళ్ల కోపం. ప్రకృతిలో గీత ఎక్కడుంది? వెలుగు పడ్డ చోట ఒక రంగు, నీడ పడ్డ చోట ఒక రంగు, రెండూ పక్కపక్కన ముద్దలుగా ఉన్నాయి, అంతే కదా అన్నారు. ఆ ముద్దనే ‘మక్కియా’ అనేవారు. 1862లో ఒక పత్రికా విమర్శకుడు వెటకారానికి వీళ్లకు ‘మక్కియాయోలి’ అని పేరు తగిలించాడు. మచ్చలవాళ్లు అని చెప్పుకోవచ్చు. వాళ్లు ఆ పేరును దులిపేసుకోలేదు, నెత్తిన పెట్టుకున్నారు. ఇటాలియన్‌లో మక్కియా అంటే మచ్చ, మరక. మన మచ్చకూ దానికీ చుట్టరికం లేదు, అది లాటిన్ నుంచి దిగిన మాట. అయినా వినగానే తెలుగువాడి చెవికి అర్థం దానంతటదే అందుతుంది. ఆ మాటకు అక్కడ ఇంకో అర్థం కూడా ఉంది: ముళ్లపొదల అడవి. చట్టానికి దొరక్కుండా అడవి పట్టినవాణ్ణి మక్కియాలోకి పోయాడంటారు. తిట్టినవాడు తెలిసి తిట్టాడో తెలియక తిట్టాడో గానీ, అకాడమీని వదిలి పొలాల వెంట పడ్డవాళ్లకు అంతకన్నా తగిన పేరు లేదు.

వాళ్లు బొమ్మలు వేసింది చిన్న చిన్న చెక్కల మీద. ఒక్కోసారి చుట్టల పెట్టెల మూతల మీద కూడా వేసేవారు. ఫత్తోరి 1866లో లివోర్నో సముద్రపుటొడ్డున పందిరి కింద కూర్చున్న ఆడవాళ్లను వేసిన చెక్క 12 సెంటీమీటర్ల ఎత్తు, 35 సెంటీమీటర్ల పొడవు. అందులో సముద్రం, ఎండ, పందిరి నీడ, ఆ మధ్యాహ్నపు సోమరితనం అన్నీ ఉన్నాయి.

1859 ఆయన జీవితంలో మలుపు. ఆ ఏడు ఆస్ట్రియాతో యుద్ధానికి సాయంగా వచ్చిన ఫ్రెంచి సైన్యం ఫ్లోరెన్స్ శివార్లలోని కషీనే తోటలో విడిది చేసింది. ఫత్తోరి అక్కడికి వెళ్లి సిపాయిలను చూసి వేశాడు. ఆ చిన్న చెక్కల మీద సిపాయిల ముఖాల్లో కళ్లూ ముక్కూ ఉండవు. టోపీ ఒక ముద్ద, కోటు ఒక ముద్ద, నీడ ఒక ముద్ద. అయినా వాళ్లు ఎలా నిలబడ్డారో చూసి ఎంత అలసిపోయారో చెప్పవచ్చు. రోమ్ నుంచి వచ్చిన నీనో కోస్తా అనే చిత్రకారుడు వాటిని చూసి ప్రోత్సహించాడు. అదే ఏడు రికాసోలి ప్రభుత్వం దేశభక్తి చిత్రాలకు పోటీ పెట్టింది. మజెంటా యుద్ధం అంశంగా ఫత్తోరి ఆ పోటీలో నెగ్గాడు. 1862లో పూర్తయిన ఆ కాన్వాసు దాదాపు మూడున్నర మీటర్ల పొడవుంటుంది.

విజయోత్సవ చిత్రం కావాలని అడిగినవాళ్లకు ఆయన ఇచ్చిందేమిటి? పోరు అప్పటికే అయిపోయింది. కత్తి దూసినవాడు లేడు. ముందుభాగంలో గాయపడ్డవాళ్ల బండి, వాళ్లకు సేవచేసే కన్యస్త్రీలు. అధికారులు గుర్రాల మీద ఉన్నారు గానీ మన కళ్లు వాళ్ల మీద నిలవవు, బండి దగ్గరికే పోతాయి. గెలుపు బొమ్మలో గాయాన్ని ముందుకు తెచ్చి, గెలిచినవాణ్ణి వెనక్కి జరిపినవాడికి బహుమతి ఇచ్చిన ఆ ప్రభుత్వాన్ని కూడా మెచ్చుకోవాలి.

ఇక గుర్రం దగ్గరికి వద్దాం. ఫత్తోరి గుర్రాల్లో ఒక్కటే చూడగలిగితే ఏది చూడాలని ఎవరైనా అడిగితే, నేను 1870ల తొలినాళ్లలో వేసిన ‘కాపలా’ అనే చిత్రం చెబుతాను. దాన్ని ‘తెల్లగోడ’ అని కూడా అంటారు. అది కూడా చెక్క మీద వేసిందే. 37 సెంటీమీటర్ల ఎత్తు, 56 సెంటీమీటర్ల పొడవు. మండుటెండలో పొడవాటి తెల్లగోడ దూరానికి పోతూ ఉంటుంది. గోడ దగ్గర గుర్రం మీద ఒక సిపాయి. దూరంగా మరో ఇద్దరు. నేల కూడా దాదాపు గోడంత తెల్లగా ఉంది. పైన ఆకాశం. అంతే. శత్రువు లేడు, ఊరు లేదు, చెట్టు లేదు. గోడ మీద రౌతు నీడ మాత్రం ఉంది.

ఇందులో గుర్రం కండలు లెక్కపెట్టడానికి వీల్లేదు. తెలుపు మీద ముదురు రంగు ముద్ద. కఫేలో వాదించిన మక్కియా సిద్ధాంతానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. కానీ సిద్ధాంతం ఒక్కటే అయితే ఈ బొమ్మ పాఠ్యపుస్తకాల్లో మిగిలేది. అది మనల్ని ఆపేది మరొకందుకు. ఆ గుర్రం నాలుగు కాళ్లూ నేల మీద మోపి నిలబడ్డ తీరులో ఎంతసేపటినుంచి నిలబడిందో తెలుస్తుంది. ఎండలో బండి గుర్రాన్ని చూసినవాళ్లకు ఆ నిలబాటు తెలుసు. అది విశ్రాంతి కాదు, పనీ కాదు. కదలమని చెప్పేదాకా ఆగి ఉండడం. మీద కూర్చున్న సిపాయిదీ అదే స్థితి. ఆయనకూ పైనుంచి ఒకడు చెప్పాలి. 1861లో ఇటలీ ఒక దేశమయింది, 1870లో రోమ్ కూడా కలిసింది. పాటలు పాడవలసిన కాలం. ఆ కాలంలో ఫత్తోరి వేసింది ఎండలో ముగ్గురు సిపాయిలు దేనికో కాపలా కాయడం. దేశం వచ్చింది, సిపాయి ఇంకా గోడ పక్కనే ఉన్నాడు. నేను ఎక్కువ చదువుతున్నానని కొందరు అనవచ్చు. ఆ గోడను కాసేపు చూసి అప్పుడు అనమని నా మనవి.

మన సామెత ‘రౌతు కొద్దీ గుర్రం’ అంటుంది. ఫత్తోరి దాన్ని తిరగేశాడు. ఆయన దగ్గర గుర్రం కొద్దీ రౌతు. 1880లో వేసిన ‘లో స్తఫ్ఫాతో’ చూడండి. ఆ మాటకు రికాబులో కాలు చిక్కుకున్నవాడని అర్థం. ఒక సిపాయి గుర్రం మీంచి పడ్డాడు, బూటు రికాబులో ఇరుక్కుంది. బెదిరిన గుర్రం అతన్ని ఈడ్చుకుంటూ పరుగెడుతోంది. వెల్లకిలా పడ్డ దేహం, చేతులు వెనక్కి చాచి. దుమ్ము రంగు రోడ్డు మీద రక్తపు చార. ఇంకెవరూ లేరు. ఏ యుద్ధమో, ఏ పక్షమో, అతని పేరేమిటో ఏదీ లేదు. ఇక్కడ గుర్రం దౌడు తీస్తోంది, నిజమే. ఫత్తోరి గుర్రాల్లో దౌడు తీసేవి తక్కువ, తీసినప్పుడు ఇదిగో ఇలా తీస్తాయి. దావీద్ గుర్రం నెపోలియన్‌ను ఆల్ప్స్ దాటించింది, ఈ గుర్రం సిపాయిని రోడ్డు మీద గీసుకుంటూ పోతోంది. దానిది కోపం కాదు, ద్రోహం కాదు. భయపడింది, పరుగెత్తుతోంది. వెనక ఏం వస్తోందో దానికి తెలియదు. ఆ తెలియకపోవడమే ఈ బొమ్మలో అన్నిటికన్నా భయంకరం.

ఇంచుమించు ఆ కాలంలోనే ఫత్తోరి మరో పెద్ద చిత్రం పూర్తిచేశాడు: ‘విల్లాఫ్రాంకా చతురస్రం’. 1866 జూన్ 24న కుస్తోత్స దగ్గర ఇటలీ ఓడిపోయింది. ఆనాడు ఆస్ట్రియా ఆశ్వికదళం మీదికి వస్తే యువరాజు ఉంబెర్తోను మధ్యలో పెట్టుకుని పదాతులు చతురస్రంగా నిలిచి కాచారు. ఓడిన యుద్ధాన్ని ఎన్నుకోవడం ఫత్తోరి స్వభావానికి తగ్గదే. కానీ బొమ్మ పూర్తయ్యేనాటికి ఆ యువరాజు రాజయ్యాడు. కాన్వాసు పెద్దది, మనుషులు లెక్కకు మిక్కిలి, పనితనానికి వంకపెట్టలేం. అయినా పక్కన రికాబు బొమ్మ పెట్టి చూస్తే ఇది జీతానికి చేసిన పనిలా ఉంటుంది. రాజు ఉన్న చోట ఫత్తోరి చెయ్యి బిగుసుకుంటుంది. ఆయన పెద్ద యుద్ధచిత్రాలను ఆకాశానికెత్తే విమర్శకులతో నేను ఏకీభవించలేను. ఆయన్ని నిలబెట్టినవి చుట్టల పెట్టె మూతలంత బొమ్మలూ, పేరులేని సిపాయీ.

ఈయన్ని ఇటలీ ఇంప్రెషనిస్టు అనడం ఒక అలవాటయింది. ఇదీ సరికాదు. మక్కియాయోలి కఫేలో వాదించుకుంటున్నప్పటికి పారిస్‌లో ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనకు ఇంకా పదేళ్లకు పైగా ఉంది. అది జరిగింది 1874లో. మరుసటి ఏడు ఫత్తోరి పారిస్ వెళ్లాడు. చూశాడు, వచ్చేశాడు. వాళ్ల వెలుగు కరిగిపోయే వెలుగు. గడ్డివాము పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఫత్తోరి వెలుగు గట్టిది. గోడలా ఉంటుంది, నీడను కత్తితో కోసినట్టు కోస్తుంది. ఆయనకు వస్తువు కరగకూడదు. గుర్రం బరువు కరిగిపోతే గుర్రం పడే కష్టం కూడా కరిగిపోతుంది.

పారిస్‌లో ఉండిపోయినవాళ్లు ఉన్నారు. బోల్దీని, దె నిత్తిస్, జందొమెనేగి ముగ్గురూ ఇటలీ వదిలి అక్కడే పేరు తెచ్చుకున్నారు. దె నిత్తిస్ 1881లో ఓతయి గుర్రప్పందేల చిత్రాలు వేశాడు. వాటిలో పందెం చూడవచ్చిన నాగరికులు, వాళ్ల కోట్లు, గౌన్లు, చలి కాచుకునే కుంపటి అన్నీ అందంగా ఉంటాయి. గుర్రాలను మాత్రం వెతుక్కోవాలి. ఫత్తోరి వెళ్లలేదు గనక చాలాకాలం ప్రాంతీయ చిత్రకారుడనే ముద్రతోనే ఉన్నాడు. కేంద్రానికి వెళ్లనివాడు చిన్నవాడు అనే ఈ మాట మనకూ బాగా తెలిసిందే. బరంపురంలోనో హోసూరులోనో బళ్లారిలోనో కూర్చుని తెలుగు రాసేవాణ్ణి ‘ఎక్కడ అచ్చయింది?’ అని ముందు అడిగి, ‘ఏం రాశావు?’ అని తరవాత అడుగుతారు. అయితే ఈ పోలికను మరీ సాగదీయకూడదు. ఫ్లోరెన్స్ 1865 నుంచి 1871 వరకు ఇటలీ రాజధాని, ఇటాలియన్ సాహిత్యభాష ఆ ఊరి మాటలోంచే పుట్టింది. ఫత్తోరి అంచున పుట్టినవాడు కాదు. తను కదలకుండా ఉండగా కేంద్రమే పారిస్‌కు జరిగిపోయింది.

దీనికి మరో పక్క కూడా ఉంది, దాచడం న్యాయం కాదు. అకాడమీలో ఆయన శిష్యులు కొందరు ఫ్రెంచివాళ్ల పద్ధతి పట్టినప్పుడు, 1891లో, పరాయివాళ్ల వెనక నడుస్తున్నారని ఆయన వాళ్లను గట్టిగా మందలించాడు. వాళ్లలో నొమెల్లీని ఒకడు. తన వయసులో అకాడమీ గీతను ధిక్కరించినవాడు తన శిష్యుడి చుక్కను ఎందుకు సహించలేకపోయాడు? స్వంత నేల మీద ప్రేమ ఒక్కోసారి ఇలా కూడా మాట్లాడుతుంది. ఇక్కడ నేను శిష్యుల పక్షం. లివోర్నోలోనే పుట్టిన మొదిల్యాని మొదట నేర్చుకున్నది ఫత్తోరి శిష్యుడైన మికేలి దగ్గర. 1902లో ఫ్లోరెన్స్‌లో ఫత్తోరి పాఠం చెప్పే చోటే చేరాడు. తరవాత నాలుగేళ్లకు పారిస్ వెళ్లిపోయాడు. వెళ్లకపోతే మనకు మొదిల్యాని ఉండేవాడా?

1882లో ఫత్తోరి ప్రిన్స్ కొర్సీని ఎస్టేట్ అయిన మర్సిల్యానాకు వెళ్లాడు. అది మరెమ్మ ప్రాంతం, టస్కనీ దక్షిణ తీరాన ఉన్న చిత్తడినేలల సీమ. మలేరియాకు పేరుపడ్డ చోటు. పొడవాటి కొమ్ముల పశువులు, వాటిని గుర్రం మీద తిరుగుతూ కాసేవాళ్లు. వాళ్లను బూత్తెరి అంటారు. 1890లో అమెరికా నుంచి బఫెలో బిల్ తన గుర్రపు రౌతుల బృందంతో రోమ్ వచ్చినప్పుడు, రోమ్ దక్షిణాన ఉండే బూత్తెరి వాళ్లతో పోటీకి దిగారు. మావాళ్లే గెలిచారని ఇటలీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫత్తోరి బూత్తెరో మాత్రం ఆటగాడు కాదు, కూలివాడు. చేతిలో పొడవాటి కర్ర, ఎండావానకు తట్టుకునే దళసరి బట్టలు, కింద పొట్టి బలమైన గుర్రం. 1887లో పిల్లగుర్రాలకు ముద్రవాతలు వేసే దృశ్యం వేశాడు. అదే ఏడు వేసి ఇప్పుడు మిలాన్ బ్రెరా గ్యాలరీలో ఉన్న చిత్రంలో ఎర్రబండి, అలసిన తెల్ల ఎడ్లు, పక్కన కూర్చున్న మనిషి, వెనక సముద్రం ఉన్నాయి.

జమీందారు అతిథిగా వెళ్లి కూలివాళ్లను వేశాడు కదా, ఆ ఇంటి ఉప్పు తిని ఎంత చెప్పగలడు అన్న ప్రశ్న సహజం. ఈ బొమ్మల్లో ఎవరూ ఎదురుతిరగరు, నిజమే. కానీ ఎవరూ నవ్వుతూ నాట్యం చెయ్యరు కూడా. ఆ కాలం పటాల్లో పల్లెటూరివాళ్లంటే పండగ బట్టల్లో చిలకల్లా ఉండేవాళ్లు. ఫత్తోరి మనిషి వీపు చూపి తన పని చేసుకుంటాడు. మనకోసం ఇటు తిరగడు. ఇందాక వెన్ను చూపడం అన్నానే, నాకు అర్థమైనంతలో అది ఇది. గుర్రమూ మనిషీ మనం చూస్తున్నామని నిలబడలేదు. వాళ్లకు వేరే పని ఉంది. కొనేవాడి వైపు తిరిగి నిలబడే అలంకారపు గుర్రానికీ దీనికీ అదే తేడా.

1880ల నుంచి ఆయన ఎచింగ్ వైపు ఎక్కువగా వచ్చాడు. జింకు రేకు మీద మైనంలాంటి పూత పూసి, సూదితో గీస్తే గీసినచోట లోహం బయటపడుతుంది. ఆమ్లంలో ముంచితే ఆ గీతను కొరుకుతుంది. అందులో సిరా నింపి అచ్చు తీస్తారు. రంగు ముద్దలతో గీతను తరిమేసినవాడు ముసలితనంలో మళ్లీ గీత పట్టాడు. కానీ ఇది అకాడమీ గీత కాదు. గరుకుగా, చిక్కుపడి, ముళ్లకంపలా ఉంటుంది. మక్కియా రెండో అర్థం ఇక్కడ తీరిందనవచ్చు. ఎడ్లు, బళ్లు, ఏ చెట్టుకో కట్టేసిన గుర్రం. రంగు లేకుండా కూడా ఎండ తెలుస్తుంది.

ఆయన ఆర్థికంగా ఎన్నడూ కుదురుకోలేదు. పంతులు జీతం, అప్పుడప్పుడు బొమ్మలు. మొదటి భార్య సెత్తిమియా 1867లో క్షయతో పోయింది. తరవాత చేసుకున్న ఇద్దరు భార్యలూ ఆయన కళ్ల ముందే పోయారు. 1903 ప్రాంతంలో, ఎనభైకి దగ్గరపడుతుండగా వేసిన చిత్రం ఒకటుంది. బయలు ప్రదేశం. గుర్రం చచ్చిపడి ఉంది. పక్కన దాని మనిషి. యుద్ధం లేదు, రక్తం లేదు, బండి లాగే గుర్రం పోయింది, అంతే. దానికి ఫత్తోరి పెట్టిన పేరుకు తెలుగులో ఒక్క మాట చాలు: ‘ఇప్పుడెలా?’ గుర్రం మీద రాజును కూర్చోబెట్టినవాళ్లెవరికీ ఈ ప్రశ్న రాదు. గుర్రం పోతే ఆ పూట కూడు పోయే ఇంట్లోనే అది పుడుతుంది.

1908 ఆగస్టు 30న ఆయన ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. లివోర్నోలో ఆయన పేరు మీద పురపాలక మ్యూజియం ఉంది. 1994 నుంచి అది విల్లా మింబెల్లి అనే పాత భవనంలో నడుస్తోంది. ఫ్లోరెన్స్ వెళ్లే మనవాళ్లు ఉఫీజీ చూసి, బొత్తిచెల్లి ముందు ఫోటో దిగి తిరిగొస్తారు. అక్కణ్ణుంచి వంతెన దాటితే పిట్టీ భవనం. దానిలోని ఆధునిక చిత్రశాలలో మజెంటా కాన్వాసూ, రికాబులో చిక్కినవాడూ ఉన్నారు. ఉఫీజీ దగ్గరున్నంత జనం అక్కడ ఉండరు, తీరిగ్గా చూడవచ్చు.